పేరు ఏ రిజిస్టరులో ఉన్నది?

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మనం ఖాళీ చేసి వచ్చిన కుర్చీల గురించి వ్రాయదలచుకున్నాను. ఈరోజు మంచిర్యాలలో ఏ కార్యాలయానికి పోయినా కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి, ఫైలు తెచ్చే అటెండరు, గేటు దగ్గరి వాచ్‌మన్, తెల్లవారకముందే ఊడ్చిపోయే అమ్మ, వీరిలో చాలామంది ఆ ఆఫీసు వారు కారు. ఏదో ఏజెన్సీ వారు. వారిలో మన కొడుకులు, కోడళ్లు, మనుమలు ఉన్నారన్న సంగతి మనలో చాలామంది బయటకు చెప్పుకోరు.

ప్రతి సంవత్సరం డిసెంబరు 17న మనం నకారా గారిని తలుచుకుంటాం. 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే పింఛను ప్రభువుల దయ కాదు, చేసిన పనికి హక్కు అని నిలిచింది. కాని ఆ తీర్పు సర్వీసు రిజిస్టరు ఉన్న మనిషికి. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి సి.పి.ఎస్. వచ్చి ఆ పింఛనే పోయింది. ఏజెన్సీ మనిషికి సర్వీసు రిజిస్టరే లేదు. ట్రెజరీ మిత్రులకు ఈ మాట తొందరగా అర్థమవుతుంది. మన జీతం 010 పద్దులో పడేది. ఆ పద్దు పేరు జీతాలు. వారి డబ్బు ఇతర కాంట్రాక్టు సేవల పద్దులో పడుతుంది. ఒకే గదిలో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు లెక్కల్లో ఉద్యోగి, రెండవవారు కొనుగోలు చేసిన సేవ. తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో 60వ నంబరు జీవో ద్వారా ఆ సేవకు 15,600, 19,500, 22,750 రూపాయలని మూడు మెట్లు కట్టింది. ఇంక్రిమెంటు అన్న మాట అందులో లేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా, నిన్న చేరినా మెట్టు అదే.

ఇది కొత్తగా పుట్టిన సంగతి అనుకునే యువకులున్నారు. మన బొగ్గు ప్రాంతపు చరిత్ర తెలిసినవారు అలా అనుకోరు. 1871లో ఇల్లందు దగ్గర కింగ్ దొర బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ వచ్చింది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం సర్కారు అధిక వాటాలు కొన్నది. ఈ తేదీలు సింగరేణి దినోత్సవాన ఏటా వింటూనే ఉంటాం. కాని దేశంలో బొగ్గు తవ్వకం మొదలైన నాటినుండి ఈ పరిశ్రమలో ఇంకొక మనిషి ఉన్నాడు, గుత్తేదారు. తట్టా చెమ్మస్ పట్టినవాడు ఒకడు, వాని కూలి చేతిలో పెట్టేవాడు ఇంకొకడు. బాయి యజమానిని అడిగితే గుత్తేదారును అడగమనేవాడు. గుత్తేదారును అడిగితే రేపటినుంచి రావద్దనేవాడు.

ఆ మనిషిని తీసివేయడానికి చట్టానికి చాలా కాలం పట్టింది. 1960లో స్టాండర్డ్ వాక్యూమ్ అనే చమురు కంపెనీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. బొంబాయి రిఫైనరీలో యంత్రాలు, ఆవరణ శుభ్రం చేసే పనిని కంపెనీ కాంట్రాక్టరుకు ఇచ్చింది. ఆ పని రోజూ ఉండేదా, కర్మాగారానికి అవసరమైనదా, ఇతర చోట్ల సొంత మనుషులతో చేయిస్తారా, పూర్తికాలం మనుషులు సరిపడా పని ఉన్నదా అని చూసి, గుత్త పద్ధతి తీసివేయాలన్న ట్రిబ్యునల్ మాటను కోర్టు నిలబెట్టింది. పదేళ్ల తరువాత 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో 10వ సెక్షన్ ఇంచుమించు ఆ ప్రశ్నలతోనే తయారైంది. దాని కిందనే కేంద్ర ప్రభుత్వం 1975 ఫిబ్రవరి 1న బొగ్గు గనుల్లో బొగ్గు తీత, నింపుడు, దింపుడు, పైమట్టి తొలగింపు, భూగర్భంలో రాతి సొరంగాల తవ్వకం వంటి పనుల్లో గుత్త కూలీలను, కొన్ని మినహాయింపులతో, నిషేధించింది. అదే సంవత్సరం జనవరి 1 నుండి మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం అమలయింది. ఆ రెండూ కలిసి ఎన్ని వేల ఇళ్లలో పొయ్యి నిలకడగా వెలిగించాయో శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వారికి నేను చెప్పవలసిన పని లేదు.

గుత్తేదారు తిరిగి ఏ దారిన వచ్చాడంటే, ఓపెన్‌కాస్టు దారిన వచ్చాడు. పైమట్టి తొలగింపును మన ప్రాంతంలో ఓబీ అంటారు. 1975 నిషేధంలో పేరు పెట్టి వ్రాసిన పని అది. ఇప్పుడు టెండరు కాగితంలో అది కూలీల సరఫరాగా ఉండదు, యంత్రాల అద్దెగా ఉంటుంది. ఘనపు మీటరు మట్టికి ఇంత అని రేటు. డంపరు నడిపే డ్రైవరు ఆ యంత్రంతోపాటు వచ్చిన వస్తువు. కాగితం వ్రాసినవాని తెలివిని మెచ్చుకోక తప్పదు, నేనూ జీవితమంతా కాగితం వ్రాసినవాడినే కదా. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నది. 2024లో లాభాల వాటా పంచినప్పుడు పర్మినెంటు ఉద్యోగికి సగటున లక్షా తొంభై వేలు వచ్చింది. సుమారు ఇరవై ఐదు వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా ఐదు వేలు ఇచ్చారు. వారికి ఇవ్వడం అదే మొదటిసారి అని గొప్పగా చెప్పారు. 2025లో అది ఐదు వేల ఐదు వందలు అయింది. అంతకుముందు 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు 18 రోజులు సమ్మె చేశారు. కోల్ ఇండియా 2013 నుండి గుత్త కార్మికులకు ఒప్పుకున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ ఇవ్వాలనేది వారి ముఖ్యమైన కోరిక. అంటే పక్క కంపెనీలో గుత్తపనికి ఇచ్చే కూలి అడగడానికి కూడా సమ్మె కావలసి వచ్చింది.

ఇక కార్యాలయాల సంగతి. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చాలాకాలం పనిచేశాను, ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. 1994 ఏప్రిల్ 22 నాటి 212 జీవో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండిన ఎన్.ఎం.ఆర్.లను, రోజుకూలీలను షరతులతో రెగ్యులర్ చేయవచ్చునన్న జీవో. దానితోపాటే ఇకమీదట అలాంటి నియామకాలు చేయరాదని 1994లో 2వ నంబరు చట్టం చేశారు. మా వద్ద ఆ ఫైలు నడిచినప్పుడు మస్టర్ రోళ్లు తీయించాం. చెదలు తిన్నవి కొన్ని, తడిసి అతుక్కున్నవి కొన్ని. ఇద్దరు మనుషులు పక్కపక్కనే ఏడేళ్లు పనిచేశారు. ఒకని పేరు మస్టర్‌లో నెలనెలా ఉన్నది. రెండవ మనిషికి వోచరు మీద, ఒకసారి నీళ్ల ఖర్చు అని, ఒకసారి గడ్డి కోత అని డబ్బులిచ్చారు. మొదటివాడు రెగ్యులర్ అయి, పింఛనుతో రిటైరయ్యాడు. రెండవవానికి ఆధారం లేదని తిప్పి పంపారు. అతను ఆఫీసుకు రాలేదని ఎవరూ అనలేదు. అందరూ చూశారు. కాని చూసినదానికి ఫైలులో పేజీ నంబరు ఉండదు.

ఆ 2వ నంబరు చట్టం ఉద్దేశం అక్రమ నియామకాలు ఆపడం. ఆపింది కూడా. కాని పని ఆగదు కదా, మనుషులు ఏజెన్సీ తలుపు నుండి లోపలికి వచ్చారు. 2003లో రాష్ట్రం కాంట్రాక్టు కార్మికుల చట్టాన్ని సవరించి, సంస్థ ముఖ్యమైన పనుల్లో గుత్త కూలీలను నిషేధిస్తున్నామన్నది. అదే చేత్తో పారిశుధ్యం, కావలి, క్యాంటీను, ఎగుమతి దిగుమతులు ముఖ్యమైన పనులు కావని పక్కన పెట్టింది. రోజూ ఊడ్వకుండా ఏ ఆసుపత్రి నడుస్తుందో నాకు తెలియదు. కేంద్రం 2020లో చేసి 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కొత్త కోడ్‌లో కూడా ఇంచుమించు ఇదే వరుస ఉన్నది. 1970 చట్టం దానిలో కలిసిపోయింది. అది ఇరవై మంది ఉన్న చోట వర్తించేది, ఇప్పుడు ఆ సంఖ్య యాభై. మంచిర్యాలలో యాభై మందిని పెట్టిన ఏజెన్సీలు ఎన్నో మీరే లెక్క వేయండి.

సంస్థ చేతులు మారినంత మాత్రాన హక్కులు పోవాలని లేదు. దీనికి మన ఇంటి ఉదాహరణ కరెంటు వారు. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును విడదీసి జెన్‌కో, ట్రాన్స్‌కోలు చేశారు. తరువాత మన జిల్లాలకు ఉత్తర మండల పంపిణీ కంపెనీ వచ్చింది. బోర్డు వారి సంఘాలు ముందే మేలుకున్నాయి. ప్రభుత్వం, బోర్డు, సంఘాలు ముగ్గురూ కలిసి ఒప్పందం వ్రాసుకున్నారు. పాత ఉద్యోగుల సర్వీసు షరతులు తగ్గవని, పింఛను ఉంటుందని అందులో పెట్టించారు. ఆ తేదీకి ముందు చేరినవారికి జి.పి.ఎఫ్., పింఛను నిలిచాయి, తరువాత చేరినవారు ఇ.పి.ఎఫ్. కిందికి పోయారు. స్తంభం ఎక్కే కాంట్రాక్టు కార్మికులకు ఆ ఒప్పందంలో చోటు లేదు. వారు చాలా ఏళ్లు కొట్లాడిన తరువాత 2017లో తెలంగాణ విద్యుత్ సంస్థలు సుమారు ఇరవై మూడు వేల మందిని ఆర్టిజన్లు అనే కొత్త పేరుతో నేరుగా తీసుకున్నాయి. ఏజెన్సీ పోయింది, అది చిన్న విషయం కాదు. కాని పక్కనున్న రెగ్యులర్ ఉద్యోగి సర్వీసు నిబంధనలు వారికి వర్తించలేదు. ఆర్.టి.సి. అద్దె బస్సు ఎక్కినా ఇదే కనబడుతుంది. టికెట్ కొట్టే కండక్టరు సంస్థ మనిషి, స్టీరింగు పట్టినవాడు బస్సు యజమాని మనిషి. ఒకే బస్సుకు ఇద్దరు యజమానులు.

విదేశాల్లో దీనికి వేరే పద్ధతి ఉన్నది. ఇంగ్లండులో 1981 నుండి ఉన్న నిబంధనల ప్రకారం వ్యాపారం ఒకరి చేతినుండి ఇంకొకరి చేతికి పోతే ఉద్యోగి పాత షరతులతోనే కొత్త యజమాని కిందికి వస్తాడు. 2006లో దానిని పని ఔట్‌సోర్సు చేసిన సందర్భాలకు కూడా స్పష్టంగా వర్తింపజేశారు. మన పారిశ్రామిక వివాదాల చట్టంలో 1956లో చేర్చిన 25 ఎఫ్.ఎఫ్. సెక్షన్ అంత దూరం పోలేదు. కొత్త యజమాని పాత సర్వీసును కలుపుకుని, తక్కువ కాని షరతులతో తీసుకుంటే సరే, లేకపోతే నష్టపరిహారం ఇచ్చి పంపవచ్చు. గోదావరి అవతల రామగుండం ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో ఆగిపోయింది. అదే ఊరిలో 2021లో ఎరువు మళ్లీ తయారయింది గాని, అది కొత్త కంపెనీ. పాతవారి సర్వీసు పాత కంపెనీతోనే ముగిసింది.

కోర్టుల విషయంలో మన యువకులు అయోమయంలో ఉన్నారు, అందుకని నాలుగు మాటలు. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు, గుత్త పద్ధతిని నిషేధిస్తే ఆ కార్మికులు అసలు యజమాని ఉద్యోగులే అవుతారన్నది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఆ మాటను కొట్టివేశారు. తమంతట తాము ఉద్యోగులు కారు అన్నారు. అయితే ఒక కిటికీ తెరిచి ఉంచారు. కాంట్రాక్టు వట్టి నటన అని, నిజంగా పని చేయించేది, అజమాయిషీ చేసేది అసలు యజమానే అని పారిశ్రామిక ట్రిబ్యునల్ ముందు రుజువు చేసుకోవచ్చు. 2006 ఉమాదేవి తీర్పు చూపించి రెగ్యులరైజేషన్ అసలు లేదనేవారు ఎక్కువ. కాని 2024 మార్చి 12న మహానది కోల్‌ఫీల్డ్స్ కేసు చూడండి. ఒడిశాలో 32 మంది గుత్త కార్మికులు 1984 నుండి పదేళ్లు గనిలో శుభ్రం చేసే పనులు చేశారు. ఒప్పందం చేసుకుని 19 మందిని తీసుకున్నారు, 13 మందిని వదిలేశారు. ఆ 13 మందిదీ అదే రకం నిత్యపని అని తేల్చి, వారినీ తీసుకోవాలన్న ట్రిబ్యునల్ తీర్పును సుప్రీంకోర్టు సమర్థించింది. నిత్యం ఉండే పనులకు గుత్త మనుషులను పెట్టరాదన్న బొగ్గు వేతన ఒప్పందపు షరతు ఆ కేసులో ఉన్నది. సింగరేణికి వర్తించే ఒప్పందమూ అదే. మన ప్రాంతంలో దానిని గురించి మాట్లాడినవారు తక్కువ.

ఇవన్నీ గెలవడానికి ముప్పై ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా అసలు యజమాని తప్పించుకోలేని బాధ్యతలు కొన్ని ఉన్నాయి. కాంట్రాక్టరు కూలి ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలి, పాత చట్టంలోనూ కొత్త కోడ్‌లోనూ ఇది ఉన్నది. ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. కట్టించే బాధ్యతా అంతే. జీతం పత్రంలో కోత చూపించి ఆఫీసులో కట్టని ఏజెన్సీలు ఉన్నాయి. సంవత్సరానికొక ఏజెన్సీ మారినప్పుడు కొత్త పి.ఎఫ్. ఖాతా తెరిచి పాతదాన్ని కలపకపోతే పింఛనుకు కావలసిన పదేళ్లు కాగితం మీద నిండవు. కొందరు ఏజెన్సీ మారగానే ఉన్న కొద్ది డబ్బు తీసుకుంటారు, దానితో ఆ సర్వీసు కూడా పోతుంది. నియామక పత్రం అడగడానికి, కాంట్రాక్టరు నుండి అనుభవ పత్రం అడగడానికి కొత్త కోడ్‌లో వీలున్నది. ఏజెన్సీ మారక ముందే అడగాలి. మారిన తరువాత ఆ కాంట్రాక్టరు ఫోను ఎత్తడు.

నియామక పత్రం, జీతం చీటీలు, బ్యాంకు పాసుపుస్తకం, పి.ఎఫ్. నంబరు, అధికారి సంతకం ఉన్న డ్యూటీ చార్టు లేక మెమో ఏదైనా ఒకటి, ఇవి జిరాక్సు తీయించి ఇంట్లో ఒక ఫైలు పెట్టుకోమని మీ పిల్లలకు చెప్పండి. అకౌంట్సు తెలిసిన ఇద్దరు మిత్రులు, నేను ప్రతి నెల మొదటి ఆదివారం ఉదయం సంఘ భవనంలో కూర్చుంటున్నాం. కాగితాలు తెస్తే చూసి, అర్జీ వ్రాసి పెడతాం. నా కళ్లు మునుపటిలా లేవు కనుక జిరాక్సు కొంచెం నల్లగా తీయించండి.