దారం కట్టిన ఎముక

‘పిన్నీ, నువ్వేం చెప్పకు’ అంటూ పాప గుమ్మంలో దుప్పటి రెండు కొసలూ పట్టుకుని పైకెత్తింది. ఇటువైపు నేలమీద సింబా, నల్లి. సింబా ల్యాబ్రడార్. నల్లి ఒక వానకాలం మా అరుగెక్కి ఇక దిగని ఊరకుక్క.

దుప్పటి జారింది. పాప లేదు, తలుపు చాటుకు దూరిపోయింది.

సింబా కొయ్యబారిపోయాడు. దుప్పటిని కాలితో గోకుతున్నాడు, ముక్కుతో ఎత్తి చూస్తున్నాడు. వంటింటిదాకా పరుగెత్తి తిరిగొచ్చి, నా మొహంలోకి చూసి కుయ్యిమంటున్నాడు. పాపను వెతికిపెట్టమని నన్నే అడుగుతున్నాడు. నల్లి దుప్పటివైపు కన్నెత్తయినా చూడలేదు. ముక్కు నేలకు ఆన్చి, తిన్నగా తలుపు వెనక్కి నడిచి, పాప కాళ్ల దగ్గర కూర్చుంది.

నల్లి తెలివైనది, సింబా అమాయకుడు అని అప్పుడే తేల్చేయకండి. రెండో ఆట ఉంది.

ఇది పాత ఆటే. బ్రిటిష్ శాస్త్రవేత్త జార్జ్ రొమానెస్ 1877లో ‘నేచర్’ పత్రికలో దీని గురించి రాశాడు. తన స్కై టెరియర్ ఎగరేసుకుని ఆడే ఎండుటెముకకు సన్నని దారం కట్టి, దూరం నుంచి మెల్లగా లాగాడు. కుక్క ముందు విస్తుపోయింది, తర్వాత హడలిపోయి సామాన్ల కింద దాక్కుంది.

మేమూ ఒక ఎముకకు దారం కట్టాం. పాప దారం లాగింది. ఎముక జానెడు జరిగింది. సింబా ఒక్క గెంతు గెంతి పంజాతో నొక్కేశాడు. దారం మింగబోతుంటే నోట్లోంచి తీసేశాను.

ఇక నల్లి వంతు. ఎముక కదలగానే చెవులు వెనక్కి వాలాయి. ఒకడుగు ముందుకు, రెండడుగులు వెనక్కి. ఎముక మళ్లీ జరిగింది. తోక కాళ్ల సందుకు పోయింది. ఇప్పుడు మంచం కింద రెండు కళ్లే కనబడుతున్నాయి. తలుపు చాటు మనిషిని క్షణంలో పట్టేసిన కుక్క ఇదే! అప్పుడు ముక్కును నమ్మింది. ఇప్పుడు ముక్కు ఎముకేనంటోంది, కళ్లేమో ప్రాణం ఉందంటున్నాయి. వీధిలో పెరిగిన కుక్కకు తెలియని కదలిక వెనక రాయో కర్రో ఉండొచ్చు. సింబాకు అలా భయపడే అవసరం ఎన్నడూ రాలేదు. నల్లి జంకు నా దృష్టిలో పిరికితనం కాదు, బతకనేర్చిన జాగ్రత్త.

పాప మళ్లీ దారం అందుకోబోతే వద్దన్నాను.

మీ ఇంట్లోనూ ఆడి చూడండి, మీ కుక్క ఎలాంటిదో తెలుస్తుంది. కానీ తోక ముడుచుకుందంటే ఆట అయిపోయినట్టే. ఫోన్లో వీడియో తీస్తుంటే ఆపేసి, దారం విప్పి, ఎముక దానికిచ్చేయండి.