కొత్త వాహనంలో లోపముంటే న్యాయసహాయం

షోళింగనల్లూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు అక్కడే కొత్త బండి కొని ఊరికి తెచ్చుకోవడం మన సరిహద్దు పల్లెలలో పరిపాటి. అది నెల తిరగకముందే మొరాయిస్తే ఏమి చేయవలెను?

అమెరికాలో అట్టి వాహనాన్ని ‘నిమ్మకాయ’ అంటారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం దానికై ప్రత్యేక శాసనం చేసింది. (మనం చక్రాల కింద తొక్కించే నిమ్మకాయ వేరు!) మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు; 2020 జూలై నుండి అమలులోనున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టమే ఆధారం.

ఇందులో మనకు మిక్కిలి ఉపకరించేది 34వ సెక్షను. బండి చెన్నైలో కొన్నప్పటికీ, కొన్నవారు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. సత్యవేడు వాసి తన బండి కోసం చెన్నై చుట్టూ తిరగనక్కరలేదు. 1986 నాటి పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. చెల్లించిన మూల్యం 5 లక్షల రూపాయలు మించకుంటే రుసుము లేదు. గడువు 2 సంవత్సరాలు. న్యాయవాది తప్పనిసరి కాదు.

చిక్కంతా రుజువు దగ్గరే. షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డులో మీరు చెప్పిన లోపాన్ని ఉన్నదున్నట్లు వ్రాయించి, ప్రతిని దాచుకోండి. ‘జనరల్ సర్వీసు’ అని మాత్రమే వ్రాసిన కాగితం అక్కరకు రాదు. అవసరమైతే కమిషన్ వాహనాన్ని పరీక్షకు పంపుతుంది.

2006లో సుప్రీంకోర్టు ఒక కారు వ్యవహారంలో, వారంటీ షరతుల ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చితే చాలునన్నది. కనుక డీలరును, తయారీ సంస్థను ఇరువురినీ ప్రతివాదులుగా చేర్చి, కొత్త బండి గాని, సొమ్ము వాపసు గాని, లేనిచో ఆ భాగం మార్పుతోపాటు నష్టపరిహారం గాని కోరండి. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.