మరణించినవారికి అమెరికా ఉపశమన చెల్లింపులు (2020)

మరణించినవారికి అమెరికా ఉపశమన చెల్లింపులు అనగా కోవిడ్-19 మహమ్మారి కాలంలో, 2020 వసంతంలో, అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం ప్రజలకు పంపిన ఆర్థిక సహాయంలో కొంత భాగం అప్పటికే మరణించినవారి పేరిట వెళ్ళిన ఉదంతం. ఆ దేశపు ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం (జి.ఏ.ఓ.) 2020 జూన్ 25న వెలువరించిన నివేదిక ప్రకారం, ఆ సంవత్సరం ఏప్రిల్ 30 నాటికి దాదాపు 11 లక్షల చెల్లింపులు, సుమారు 140 కోట్ల డాలర్ల మేరకు, మృతులకు చేరాయి. వీటితోపాటు అర్హత లేని కొందరు విదేశీయులకు కూడా సొమ్ము అందింది. మరణ వివరాలు ప్రభుత్వం వద్ద ఉన్నా అవి సొమ్ము పంపే శాఖకు పూర్తిగా అందుబాటులో లేకపోవడం, ఎవరు అనర్హులో చట్టం స్పష్టంగా చెప్పకపోవడం ఈ పొరపాటుకు ముఖ్య కారణాలు.

నేపథ్యం

మహమ్మారి వలన వ్యాపారాలు మూతపడి లక్షలాది మంది ఉపాధి కోల్పోయిన సమయంలో అమెరికా కాంగ్రెస్ కేర్స్ చట్టాన్ని ఆమోదించింది. అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2020 మార్చి 27న దానిపై సంతకం చేశాడు. ఈ చట్టం ప్రకారం ఒక్కొక్క వయోజనునికి 1,200 డాలర్లు, ఉమ్మడిగా పన్ను రిటర్ను దాఖలు చేసే దంపతులకు 2,400 డాలర్లు, 17 ఏళ్ళ లోపు వయసున్న అర్హులైన ప్రతి బిడ్డకు 500 డాలర్లు ఇవ్వాలి. వార్షికాదాయం 75,000 డాలర్లు (దంపతులకు 1,50,000 డాలర్లు) దాటిన తరువాత ప్రతి 100 డాలర్ల అదనపు ఆదాయానికి 5 డాలర్ల చొప్పున సహాయం తగ్గుతుంది. ఈ లెక్కన పిల్లలు లేని ఒంటరి వ్యక్తికి 99,000 డాలర్ల ఆదాయం వద్ద సహాయం పూర్తిగా ఆగిపోతుంది.

చట్టరీత్యా ఇది 2020 ఆదాయపు పన్నుపై ఇచ్చే రాయితీకి ముందస్తు చెల్లింపు. 2020 సంవత్సరపు లెక్కలు అప్పటికి తేలవు కనుక, 2019 రిటర్ను ఆధారంగా, అది లేనప్పుడు 2018 రిటర్ను ఆధారంగా సొమ్ము పంపాలని నిర్ణయించారు. వీలైనంత త్వరగా చెల్లించాలని చట్టం ఆదేశించింది. పన్నులు వసూలు చేసే ఐ.ఆర్.ఎస్. సంస్థ జాబితాలు సిద్ధం చేయగా, ట్రెజరీ శాఖకు చెందిన ఆర్థిక సేవల విభాగం సొమ్ము పంపింది. ఏప్రిల్ రెండవ వారంలోనే బ్యాంకు ఖాతాలలో జమ మొదలైంది. మే 31 నాటికి 16.04 కోట్ల చెల్లింపులు, 26,900 కోట్ల డాలర్ల మేరకు, జరిగాయి.

పొరపాటు జరిగిన తీరు

2018లో ఆదాయం చూపి, 2019లో రిటర్ను దాఖలు చేసి, ఆ తరువాత మరణించిన వ్యక్తి పన్ను దస్త్రాలలో చెల్లింపుదారుగానే మిగిలి ఉంటాడు. అతని బ్యాంకు ఖాతా సంఖ్య, చిరునామా కూడా అందులో ఉంటాయి. మరణ నమోదుతో సరిచూడకపోతే ఆ పేరుకు సొమ్ము వెళ్ళక తప్పదు.

మరణ వివరాలను సరిచూడడం ఐ.ఆర్.ఎస్.కు కొత్త కాదు. పన్ను రిటర్నులలో మోసాలను పట్టుకోవడానికి ఆ సంస్థ వాటిని మామూలుగా వాడుతూనే ఉంది. అయితే మొదటి మూడు విడతల చెల్లింపులలో, అనగా మే 31 నాటికి జరిగిన మొత్తం చెల్లింపులలో 72 శాతానికి, ఈ వడపోత జరగలేదని జి.ఏ.ఓ. తేల్చింది. ఇందుకు రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది చట్టపరమైనది. 2019 రిటర్ను దాఖలు చేసిన వ్యక్తి చెల్లింపు నాటికి మరణించి ఉన్నా, సొమ్ము నిరాకరించే అధికారం తమకు లేదని ఐ.ఆర్.ఎస్. న్యాయ సలహాదారులు అభిప్రాయపడ్డారు. కేర్స్ చట్టంలో మృతుల ప్రస్తావన లేదు. అందువలన 2008లో చేసిన ఉద్దీపన చెల్లింపులకు పాటించిన పద్ధతినే మళ్ళీ అనుసరించారు.

రెండవది సమాచారానికి సంబంధించినది. సొమ్ము పంపే ఆర్థిక సేవల విభాగానికి పూర్తి మరణ నమోదు అందుబాటులో లేదు. మృతులకు సొమ్ము వెళుతోందని తెలిసిన తరువాతనే ట్రెజరీ అధికారులు జోక్యం చేసుకొని తరువాతి విడతలలో ఆ పేర్లను తొలగింపజేశారు.

మరణ నమోదు వ్యవస్థ

అమెరికాలో మరణాల ఉమ్మడి జాబితాను సోషల్ సెక్యూరిటీ సంస్థ నిర్వహిస్తుంది. మృతుల బంధువులు, అంత్యక్రియల సంస్థలు, బ్యాంకులు, రాష్ట్ర ప్రభుత్వాల జనన మరణ నమోదు కార్యాలయాలు ఈ సంస్థకు వివరాలు పంపుతాయి. ఈ జాబితా రెండు రూపాలలో ఉంటుంది. రాష్ట్రాల నుండి వచ్చిన వివరాలతో కూడినది పూర్తి జాబితా. చట్టం పేర్కొన్న కొన్ని ప్రభుత్వ సంస్థలకు మాత్రమే దీనిని ఇస్తారు. రాష్ట్రాలు పంపిన వివరాలను మినహాయించినది రెండవ జాబితా. 2011 నవంబరు నుండి ఈ మినహాయింపు అమలులోకి రావడంతో రెండవ జాబితా బాగా కుదించుకుపోయింది. 2020లో ఐ.ఆర్.ఎస్. వద్ద మొదటిది ఉండగా, ట్రెజరీ చెల్లింపుల విభాగం వద్ద ఉన్నది రెండవది మాత్రమే.

మరణ జాబితా సైతం దోషరహితం కాదు. బతికి ఉన్నవారు పొరపాటున మృతులుగా నమోదు కావడం కూడా జరుగుతుంది. 2007 మే నుండి 2010 ఏప్రిల్ వరకు 36 వేలకు పైగా జీవించి ఉన్నవారి వివరాలు మరణ జాబితాలో వెలువడినట్లు ఆ సంస్థ తనిఖీ విభాగం గుర్తించింది. ఇది నెలకు సుమారు వెయ్యి మందితో సమానం. ఇలా నమోదైన వ్యక్తికి పింఛను ఆగిపోవచ్చు, బ్యాంకు ఖాతా స్తంభించవచ్చు. తాను జీవించే ఉన్నానని ఆ వ్యక్తి స్వయంగా వెళ్ళి ఆధారాలతో నిరూపించుకోవలసి వస్తుంది. కనుక వడపోత కఠినమైన కొద్దీ మృతులకు సొమ్ము వెళ్ళే పొరపాటు తగ్గినా, సజీవులకు సహాయం ఆగిపోయే ప్రమాదం పెరుగుతుంది.

సొమ్ము వాపసు

మృతుల పేరిట వచ్చిన సొమ్మును వారసులు తిరిగి పంపాలని ట్రెజరీ కార్యదర్శి స్టీవెన్ మనూచిన్ 2020 ఏప్రిల్ నెలాఖరులో ప్రకటించాడు. మే 6న ఐ.ఆర్.ఎస్. తన మార్గదర్శకాలలో ఈ మాటను చేర్చింది. దాని ప్రకారం:

* మార్చుకోని చెక్కు అయితే వెనుక వైపు రద్దు అని వ్రాసి, వాపసుకు కారణం తెలుపుతూ ఐ.ఆర్.ఎస్.కు పంపాలి.
* చెక్కును మార్చుకొన్నా, ఖాతాలో సొమ్ము జమ అయినా, అంతే మొత్తానికి ట్రెజరీ పేరిట వ్యక్తిగత చెక్కు లేదా మనియార్డరు పంపాలి.
* దంపతులిద్దరి పేరిట వచ్చి ఒకరు మరణించి ఉంటే, మరణించినవారి వాటా మాత్రమే తిరిగి ఇవ్వాలి. ఉమ్మడి పేరుతో ఉన్న చెక్కును జమ చేసుకోలేని జీవిత భాగస్వామి దానిని వాపసు చేసి, తన వాటాకు కొత్త చెక్కు పొందవచ్చు.

తిరిగి ఇవ్వాలని శాసించే నిబంధన చట్టంలో లేనందున ఈ మార్గదర్శకాల చట్టబద్ధతపై చర్చ జరిగింది. 2020లో ఆదాయం పెరిగినందువలన అదనంగా అందిన సొమ్మును తిరిగి కట్టనక్కరలేదన్నది ఆ చట్టం సారాంశమే. అనర్హులకు సొమ్ము వెళ్ళినపుడు దానిని ఎలా తిరిగి పంపాలో వారికి తెలియజేసే మార్గాలను పరిశీలించాలని జి.ఏ.ఓ. ఐ.ఆర్.ఎస్.కు సూచించింది. ఎవరూ మార్చుకోని చెక్కులలో కొన్నిటిని ట్రెజరీ నిలిపివేసి రద్దు చేసింది.

అనర్హత గురించిన వివాదం

ఎవరు అనర్హులు అన్న ప్రశ్న ఖైదీల విషయంలో న్యాయస్థానానికి చేరింది. ఖైదీలు అనర్హులని ఐ.ఆర్.ఎస్. 2020 మే నెలలో ప్రకటించింది. అప్పటికే సుమారు 85 వేల మంది ఖైదీలకు దాదాపు 10 కోట్ల డాలర్లు వెళ్ళాయి. ఆ సొమ్ము తిరిగి పంపాలని కోరడంతో స్కాల్ వర్సెస్ మనూచిన్ అనే వ్యాజ్యం కాలిఫోర్నియాలోని ఫెడరల్ జిల్లా న్యాయస్థానంలో దాఖలైంది. కేర్స్ చట్టంలో ఖైదీలను మినహాయించే మాట లేదని, కేవలం ఖైదులో ఉన్న కారణంగా సహాయం నిరాకరించరాదని న్యాయమూర్తి ఫిలిస్ హామిల్టన్ 2020 సెప్టెంబరు 24న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబరులో వాదులకు అనుకూలంగా తీర్పు వెలువడింది. ఆ విధంగా మే నెలలో పొరపాటుగా ముద్రపడిన చెల్లింపులు శరత్కాలానికి న్యాయమైన చెల్లింపులుగా మారాయి.

మృతుల విషయంలోనూ ఇటువంటి మార్పే వచ్చింది. 2020లో మరణించిన వ్యక్తికి ముందస్తు సహాయం అందకపోతే, ఇతర అర్హతలు ఉన్నపుడు, అతని తరఫున దాఖలు చేసే 2020 రిటర్నులో ఆ రాయితీని కోరవచ్చునని ఐ.ఆర్.ఎస్. 2021లో తెలిపింది. 2020కి ముందే మరణించినవారు మాత్రం అనర్హులుగా మిగిలారు.

విదేశీ విద్యార్థులు, ఉద్యోగులు

పన్ను చట్టం దృష్టిలో అనివాసులైన విదేశీయులకు ఈ సహాయం వర్తించదు. ఎఫ్-1 వీసాపై చదువుకొనే విద్యార్థులు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు ఈ తరగతిలోకి వస్తారు. వీరు 1040-ఎన్.ఆర్. అనే ప్రత్యేక పత్రాన్ని దాఖలు చేయాలి. కానీ తెలియక నివాసులకు ఉద్దేశించిన 1040 పత్రం దాఖలు చేసిన విద్యార్థుల ఖాతాలలో 1,200 డాలర్లు జమ అయ్యాయి. అమెరికాలో చదువుకొనే తెలుగు విద్యార్థులకు కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి. అటువంటివారు రిటర్నును సవరించి, సొమ్ము తిరిగి పంపవలసి ఉంటుంది.

ఇందుకు భిన్నంగా, హెచ్-1బి వీసాపై పనిచేస్తూ నిర్ణీత దినాలు అమెరికాలో గడిపినవారు పన్ను విషయంలో నివాసులే కనుక, సోషల్ సెక్యూరిటీ సంఖ్య ఉంటే వారు అర్హులు. అయితే భార్యకు గానీ భర్తకు గానీ ఆ సంఖ్య లేక కేవలం పన్ను గుర్తింపు సంఖ్య ఉండి, ఇద్దరూ ఉమ్మడి రిటర్ను దాఖలు చేసి ఉంటే, కేర్స్ చట్టం ఇద్దరికీ సహాయం నిరాకరించింది. సైనికోద్యోగుల కుటుంబాలకు మాత్రం మినహాయింపు ఉండేది. ఆధారిత వీసాపై ఉన్న భాగస్వాములు గల అనేక ప్రవాస భారతీయ కుటుంబాలను ఈ నిబంధన తాకింది. 2020 డిసెంబరు చట్టం దీనిని సవరించి, సంఖ్య ఉన్నవారికి వారి వాటాను పూర్వకాలం నుండి వర్తించేలా అనుమతించింది.

అర్హులకు అందని సహాయం

మృతులకు వెళ్ళిన సొమ్ము మొత్తం సహాయంలో ఒక శాతం కంటే తక్కువ. అయితే ఇదే కాలంలో పన్ను దస్త్రాలలో పేరు లేని కారణంగా సహాయం అందని అర్హులు అనేకులు ఉన్నారు. ఆదాయం చాలా తక్కువ కావడం వలన రిటర్ను దాఖలు చేయనక్కరలేనివారు వీరిలో ఎక్కువ. మామూలుగా రిటర్ను దాఖలు చేయని సుమారు 90 లక్షల మందికి, వారు అర్హులు కావచ్చునని తెలుపుతూ ఐ.ఆర్.ఎస్. 2020 సెప్టెంబరులో లేఖలు పంపింది. పాత దస్త్రాన్నే ఆధారం చేసుకొన్నందువలన, అందులో పేరున్న మృతునికి సొమ్ము వెళ్ళగా, పేరులేని నిరుపేద దరఖాస్తు చేసుకోవలసి వచ్చింది.

పూర్వపు ఉదాహరణ

2009 నాటి ఆర్థిక పునరుద్ధరణ చట్టం కింద సోషల్ సెక్యూరిటీ సంస్థ తన లబ్ధిదారులకు 250 డాలర్ల చొప్పున పంపింది. వీటిలో 89 వేలకు పైగా చెల్లింపులు, 2.23 కోట్ల డాలర్ల మేరకు, మృతులకు, ఖైదీలకు వెళ్ళినట్లు ఆ సంస్థ తనిఖీ విభాగం 2010లో వెల్లడించింది. వీరిలో సుమారు 72 వేల మంది మృతులు.

తరువాతి చట్టాలు

2020 డిసెంబరు 27న అమలులోకి వచ్చిన చట్టం 600 డాలర్ల రెండవ విడత సహాయాన్ని మంజూరు చేసింది. 2020 జనవరి 1కి ముందు మరణించినవారు దీనికి అనర్హులని చట్టంలోనే వ్రాశారు. 2021 మార్చి 11 నాటి చట్టం కింద ఇచ్చిన 1,400 డాలర్ల మూడవ విడతకు 2021 జనవరి 1ని హద్దుగా పెట్టారు. ఈ విధంగా మొదటి చట్టంలో లేని స్పష్టత తరువాతి చట్టాలలో చేరింది.

పూర్తి మరణ జాబితాను ట్రెజరీకి అందించాలన్న జి.ఏ.ఓ. సిఫారసు కూడా 2020 డిసెంబరు చట్టంలో చోటు చేసుకొంది. అయితే అది మూడేళ్ళ ముందు అమలులోకి రాలేదు. 2023 డిసెంబరు నుండి మూడు సంవత్సరాల కాలానికి ఆ జాబితాను అనర్హ చెల్లింపులను ఆపే ట్రెజరీ వ్యవస్థకు అందించాలని చట్టం నిర్దేశించింది. ఈ జాబితాతో మొదటి అయిదు నెలలలో 3.1 కోట్ల డాలర్లకు పైగా అక్రమ చెల్లింపులను ఆపడం, రాబట్టడం జరిగిందని ట్రెజరీ 2025 జనవరిలో ప్రకటించింది.

ఇవి కూడా చూడండి

* కోవిడ్-19 మహమ్మారి
* అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ
* ఆదాయపు పన్ను
* ప్రవాస భారతీయులు