ఉపగ్రహ తరగతులు (ఉత్తరాంధ్ర)

ఒకచోట ఉపాధ్యాయుడు చెప్పే పాఠాన్ని అనేక బడుల పిల్లలు ఒకేసారి చూసి, అప్పటికప్పుడు ప్రశ్నలడిగే బోధనా పద్ధతి. భారతదేశంలో దీనికి ముందడుగు 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగం. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చేరాయి, తెలుగులోనూ ప్రసారమయ్యాయి. అయితే బడి పిల్లలు చూడగలిగారే తప్ప అడగలేకపోయారు.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఇస్రో పంపిన ఎడ్యుశాట్ ఆ లోటు తీర్చే సాధనమైంది. పూర్తిగా విద్యకే కేటాయించిన తొలి భారతీయ ఉపగ్రహం అది. దాని కేంద్రాలు రెండు రకాలుగా ఉండేవి: పాఠం అందుకునేవి కొన్ని, తిరిగి మాట్లాడగలిగేవి కొన్ని. ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండటంతో ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి సుమారు అర సెకను ఆలస్యం తప్పేది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపగ్రహ పాఠాలను ‘మన టీవీ’ అందించింది. తెలంగాణలో అదే 2017లో టీ-శాట్ అయింది.

ఉత్తరాంధ్రలోని కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వంటి కొండ మండలాలకు ఈ పద్ధతి ఎంతో అవసరం. అక్కడి చిన్న బడుల్లో ఒకే అయ్యవారు పలు తరగతులు చూసుకోవాల్సి వస్తుంది. సెల్ సిగ్నల్ అందని ఊరికీ డిష్ యాంటెన్నా పాఠం తేగలదు. కోవిడ్ కాలంలో, 2020లో, దూరదర్శన్ సప్తగిరి పదో తరగతి పాఠాలు ప్రసారం చేసింది. అయితే తెర ముందు పిల్లల సందేహం వినే మనిషి ఉన్నప్పుడే పాఠం నిలుస్తుంది. అందుకే స్థానిక ఉపాధ్యాయుడి పాత్ర ఇందులో తగ్గదు, పెరుగుతుంది.