పిఠాపురం కోడి, ఉప్పాడ పట్టుపురుగు

పిఠాపురం చరిత్రలో ఒక పక్షికీ ఒక పురుగుకూ చోటుంది. ఇక్కడి పాదగయ క్షేత్రంలో శివుడు కోడిపుంజు పేరు మీద కుక్కుటేశ్వరుడుగా పూజలందుకుంటున్నాడు. ఊరికి దగ్గరలోని ఉప్పాడ మగ్గాల మీద పరుచుకునేది పట్టుపురుగు దారం. రెండూ అడవి నుంచి మనిషి చేతికి వచ్చినవే.

ఈ రెంటిలో ఈ ఊరికి కోడి కథే పాతది. నాలుగో శతాబ్దంలోనే సముద్రగుప్తుడి అలహాబాదు శాసనం పిష్టపుర (నేటి పిఠాపురం) రాజు మహేంద్రుణ్ణి పేర్కొంది. అంత పాత ఊరి స్థలపురాణం ఒక కోడికూత చుట్టూ అల్లుకుంది. గయాసురుడనే రాక్షసుడి దేహం మీద యజ్ఞం ఏడు రోజులు సాగాలి, అంతవరకూ అతడు కదలకూడదు. కోడికూతే అతడికి రోజుల లెక్క. ఏడోనాడు తెల్లవారకముందే శివుడు పుంజై కూశాడు. గడువు తీరిందనుకుని గయాసురుడు కదిలాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. అతడి శిరస్సు బీహారులోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో ఉన్నాయని నమ్మకం.

కూతను గడియారంగా నమ్మడం వట్టి ఊహ కాదు. ఎడతెగని మసక వెలుతురులో ఉంచినా పుంజులు తెల్లవారే వేళ పసిగట్టి కూస్తాయని 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూపించారు. ఇంటి కోడికి మూలమైన ఎర్ర అడవికోడి మన దేశంలో దక్షిణాన దాదాపు గోదావరి దాకా కనిపిస్తుంది.

పట్టుపురుగును వేల ఏళ్ల కిందట మచ్చిక చేసింది చైనావాళ్లు. అది మల్బరీ ఆకు మేసి, నాలుగు జ్వరాలు (కుబుసం విడిచే దశలు) దాటి, నెల రోజుల్లోపే గూడు కడుతుంది. ఒక్కో గూటిలో కిలోమీటరు దాకా పోగు ఉంటుంది. పురుగు చిలుకగా (రెక్కల పురుగుగా) మారి గూడు చీల్చుకుని బయటికొస్తే పోగు తెగుతుంది కాబట్టి ముందే వేడికి చంపుతారు. విత్తనానికి వదిలిన చిలుకలకు రెక్కలున్నా ఎగరలేవు, తిండీ తినవు. మనిషి వదిలేసిన కోళ్లు తిరిగి గుంపులు కట్టి బతకగలవు. హవాయి దీవుల్లో అలాంటివి నేటికీ ఉన్నాయి. పట్టుపురుగుకు ఆ దారి మూసుకుపోయింది. మచ్చికకు ఎక్కువ మూల్యం చెల్లించింది అదే.

ఉప్పాడ జాందానీ మొదట నూలు నేత. పిఠాపురం సంస్థానం దాన్ని ఆదరించింది. పట్టు మగ్గమెక్కింది చాలా తరవాత, గత శతాబ్దం చివరి దశకాల్లో. ఇద్దరు నేతగాళ్లు పక్కపక్కన కూర్చుని, అదనపు పేకతో బుటాలను చేత్తోనే ఎక్కిస్తారు. అందుకే చీరకు రెండు వైపులా పనితనం ఒకేలా కనిపిస్తుంది. ఈ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది.