కైఫీయత్తుల వెనుక కావలి సోదరులు

ఈస్టిండియా కుంఫిణీ సర్వేయరు కాలిన్ మెకంజీకి తెలుగు రాదు. సంస్కృతం, తమిళం, కన్నడం కూడా రావు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. అయినా దక్షిణాది ఊళ్ళ చరిత్ర వెతికేవాళ్ళు ఈనాటికీ ముందుగా తలుపు తట్టేది ఆయన పేరు మోస్తున్న సేకరణనే. ఊరూరి స్థానిక చరిత్రలు (కైఫీయత్తులు) 2,070, శాసనాల నకళ్ళు 8,076 అని సంస్కృత పండితుడు విల్సన్ 1828లో కలకత్తాలో అచ్చువేసిన పట్టిక చెబుతోంది.

ఇదంతా మొదలైంది ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్యతో. 1799లో టిప్పు పతనమయ్యాక మెకంజీ మైసూరు సర్వే చేపట్టినప్పుడు, కొలతలు దొరవి, మాటలు బొర్రయ్యవి. కరణాలు కవిలెకట్టలు ఊరికే విప్పి చూపరు. కుంఫిణీ మనిషి ఆరా తీస్తున్నాడంటే మాన్యాలకు ఎసరు వస్తుందేమోనని భయం. ఆ భయం పోగొట్టి, పూజారినీ జైన గురువునీ ఒకే ఓర్పుతో పలకరించి, పాత కన్నడ శాసనాలను కూడబలుక్కుని చదివినవాడు బొర్రయ్య. 1803లో, ముప్ఫై నిండకుండానే కన్నుమూశాడు. జైనుల గురించి ఆయన అనువదించిన వ్యాసం తర్వాత 'ఏషియాటిక్ రిసెర్చెస్'లో ఆయన పేరుతోనే వెలువడింది. భారతీయ విద్యల వాకిలి తనకు తెరిచింది బొర్రయ్యేనని 1817లో మెకంజీ తన మిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాశాడు. ఆ కాలపు దొరల్లో అంత నిండుగా కృతజ్ఞత చెప్పినవాళ్ళు అరుదు.

అన్న పోయాక తమ్ముడు లక్ష్మయ్య పని అందుకున్నాడు. మరో తమ్ముడు రామస్వామి కూడా తోడయ్యాడు. దక్కన్ కవుల చరిత్రను ఆయన 1829లో ఇంగ్లీషులో ప్రచురించాడు. గుమాస్తాలను ఊళ్ళమీదికి పంపడం, వాళ్ళు తెచ్చిన కైఫీయత్తులను సరిచూసి తర్జుమా చేయించడం, కొత్త ప్రశ్నలతో మళ్ళీ పంపడం లక్ష్మయ్య భారం. దొర మద్రాసు నుంచి కలకత్తాకు మారితే ఆయనా వెంట వెళ్ళాడు. అన్న మొదలుపెట్టిన పనికి తన నడివయసంతా ధారపోశాడు.

1821లో మెకంజీ చనిపోయాడు. ఆయన సేకరణను ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. ఆగిపోయిన పరిశోధన తాను సాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. అది మద్రాసు నుంచి కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి చేరింది. 1836లో సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ నివేదిక ఆయనకు ఆ యోగ్యత లేదని తేల్చింది. రాతప్రతుల పరిశీలన విలియం టేలర్ అనే పాదిరీకి దక్కింది.

ఇది అన్యాయం. సేకరించేటప్పుడు చాలిన పాండిత్యం నాయకత్వం అడిగేసరికి చాలకపోవడానికి కారణం ఆయన విద్య కాదు, పుట్టుక. నమ్మకంగా సేవ చేసినంతకాలం మెచ్చుకున్న వ్యవస్థే, ఆ పనికి పెద్దగా నిలబడతానన్న రోజున ఆయనను పక్కన పెట్టింది. అప్పటికే మద్రాసులో దేశీయ పండితులతో హిందూ సాహిత్య సంఘం నెలకొల్పినవాడు లక్ష్మయ్య.

ఆ కైఫీయత్తులు ఎన్నో నేడు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. స్థానిక చరిత్ర రాసే మిత్రులు వాటిని వాడుకున్నప్పుడు మెకంజీ పేరు పక్కన బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లూ రాయండి.