దీవుల వేర్పాటు - క్రొత్త జాతుల పుట్టుక

దక్షిణ అమెరికాకు పడమరగా, పసిఫిక్ మహాసముద్రములో, సుమారు 1,000 కిలోమీటర్ల దూరమున గలాపగోస్ దీవులు కలవు. 1835 సెప్టెంబరులో 'బీగిల్' ఓడపై అచ్చటికి చేరిన చార్లెస్ డార్విన్, ఇతర పక్షుల కూతలను అనుకరించెడి 'మాకింగ్ బర్డ్' తెగ పక్షులను సేకరించి, ఏది ఏ దీవిలో దొరికినదో వ్రాసియుంచెను. ఫించ్ పక్షుల విషయమున చాలవరకు ఆ జాగ్రత్త తీసికొనలేదు. 1837లో లండనులో జాన్ గూల్డ్ పరిశీలింపగా, ఆ అనుకరణ పక్షులు మూడు వేర్వేరు జాతులని తేలినది. దీవి పేరు వ్రాసియుండుటచేతనే ఆ భేదమునకు అర్థమేర్పడెను.

ఇది యెట్లు జరిగినది? ఖండమునుండి వచ్చిన కొలది పక్షుల సంతతి దీవులకు వ్యాపించెను. నడుమ సముద్రము అడ్డుగోడ యగుటచే ఒక దీవి పక్షులు వేరొక దీవి పక్షులతో జతకట్టుట అరుదయ్యెను. ప్రతి దీవిలోను ఉత్పరివర్తనములు వేరు, ప్రకృతి వరణము వేరు. ఇట్లు తరతరములుగా భేదములు పేరుకొనగా, మరల కలిసినను సంకరము కాని స్థితి యేర్పడును. అదియే క్రొత్త జాతి. ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఈ సిద్ధాంతమును విపులముగా నిరూపించెను.

వేర్పాటు జాతిని పుట్టించును. ఆ జాతికి వేరు తావు లేకుండనూ చేయును. ఫ్లోరియానా దీవి అనుకరణ పక్షి, మనుష్యుల వెంట వచ్చిన ఎలుకలు, పిల్లులు మొదలగువాని మూలమున 19వ శతాబ్దిలోనే ఆ దీవినుండి మాయమై, ప్రక్కనున్న రెండు చిన్న దీవులలో మాత్రమే మిగిలినది. సముద్రము వేల తరములు కాపాడిన దానిని ఒక్క ఓడ రాక చెరుపగలదు.